జాన్‌బాబు గ్యారంటీ ఇచ్చిన కారు

ఆ శనివారం సాయంత్రం అబుదాబీ శివార్లలో ముసఫ్ఫాలో చర్చి హాల్లో ఫేబాకి ప్రధానం. పెళ్ళికూతుర్ని బనియాస్‌లోని నర్సుల ఫ్లాట్ నుంచి హాలుకి చేర్చే పని లీదియా మొగుడు ఫ్రాంక్లిన్ నెత్తిన వేసుకున్నాడు. ఎవరూ అడక్కుండానే వేసుకున్నాడు. టాక్సీ మాట్లాడదామని లీదియా అంటే ఒప్పుకోలేదు.

"ఇంట్లో కారు పెట్టుకుని ఆడపిల్లని ప్రధానానికి టాక్సీలో పంపిస్తామా? రేపు మా భీమవరంలో తెలిస్తే మన పరువేం కావాలి?" అన్నాడు.

లీదియా, ఫేబా ఒకే ఆసుపత్రిలో నర్సులు. లీదియా వచ్చి చాలా ఏళ్ళయింది. ఫేబా వచ్చి రెండేళ్ళు కాలేదు. అమ్మానాన్నలు పాలకొల్లులో ఉండిపోవడంతో ఆ రోజు పెళ్ళికూతురి తరఫు పెద్దరికం లీదియా మీద పడింది. పెళ్ళికొడుకు ప్రభుకిరణ్ అబుదాబీలో ఒక కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తాడు. ఆ సంబంధం తెచ్చింది లీదియా అన్నయ్య జాన్‌బాబు. పిల్లా పిల్లాడూ ఎదురెదురుగా కూర్చున్నది ఒక్కసారే. ఆ రోజు కూడా జాన్‌బాబు మధ్యలో కూర్చుని ఇద్దరి తరఫునా తనే మాట్లాడాడు. తర్వాత ఫోన్లో నాలుగు మాటలు నడిచాయి గాని, డ్యూటీ నుంచి వచ్చావా, తిన్నావా అన్నదాకానే వచ్చి ఆగిపోయేవి.

కారు కూడా జాన్‌బాబు దగ్గర్నుంచి వచ్చిందే. ఆయన పెద్ద బండి కొనుక్కున్నాక పాతది చెల్లెలి మొగుడికి ఇచ్చాడు. ఇచ్చాడని ఫ్రాంక్లిన్ అంటాడు, అంటగట్టాడని లీదియా అంటుంది.

వెనక సీట్లో ఫేబా మీగడరంగు పట్టుచీర నలగకుండా కొయ్యబొమ్మలా కూర్చుంది. ఫిలిప్పీన్స్ అమ్మాయి ఒకతె పొద్దున్నించీ కూర్చుని వేసిన మేకప్ చెదురుతుందని నవ్వడం కూడా మానేసింది. పక్కన లీదియా ఒళ్ళో ఉంగరాల పళ్ళెం. హైవే మీద బండ్లు బారులు తీరాయని ఫోన్లో మ్యాపు ఎర్రగా చూపించేసరికి ఫ్రాంక్లిన్‌కి హుషారొచ్చింది.

"ఐకాడ్‌లోంచి నాకొక దారి తెలుసు," అని స్టీరింగ్ తిప్పేశాడు.

ఐకాడ్ అంటే అక్కడి పారిశ్రామిక వాడ. ఆ దారి ఫ్యాక్టరీల గోడల మధ్య నుంచి, లారీల పార్కింగుల పక్క నుంచి, సెలవురోజు కాబట్టి ఎక్కడా మనిషన్నవాడు కనబడకుండా చాలాసేపు సాగింది. సెప్టెంబరు ఎండ ఇంకా తగ్గలేదు. ముందు ఏసీలోంచి వేడిగాలి కొట్టింది. తర్వాత ఏదో మాడుతున్నట్టు తియ్యటి వాసన వచ్చింది.

"ఏవండీ, ఆ సూది అంత పైకి ఉండాలా?" అంది లీదియా.

ఫ్రాంక్లిన్ చూశాడు. వేడి చూపించే సూది ఎర్రగీత దాటి ఇంక పైకి పోవడానికి చోటులేక అక్కడే ఆగి ఉంది. బండి పక్కకి తీసి ఒక మూసేసిన గోడౌన్ ముందు ఆపి, గబగబా ఇంజన్ కట్టేశాడు. బానెట్ సందుల్లోంచి ఆవిరి పొగలా లేచింది.

"మీరిద్దరూ ఆ గోడ నీడకి వెళ్ళండి. ఐదు నిమిషాలు. నేను చూసుకుంటాను," అన్నాడు.

ఈ నేను చూసుకుంటాను అన్న మాట వింటే లీదియాకి గుండె జారుతుంది. ఫ్రాంక్లిన్ ఆఫీసులో డాక్యుమెంట్ కంట్రోలర్. ఇంట్లో మాత్రం వీడియోలు చూసి వస్తువులు బాగుచేస్తాడు. అలా బాగుచేశాక వాళ్ళ వాషింగ్ మెషిన్ బట్టలు పిండేటప్పుడు బాత్రూమ్‌లోంచి నడుచుకుంటూ హాల్లోకి వస్తోంది. దాని తర్వాత, కరెంటుతో నడిచే ఏ వస్తువూ విప్పనని లీదియా ఆయన చేత బైబిల్ మీద చెయ్యి పెట్టించినంత పని చేసింది.

"ఆ మూత మాత్రం తియ్యకండి," అంది వెళ్తూ వెళ్తూ. "వేడి మీద రేడియేటర్ మూత తీసినవాళ్ళ మొహాలకి నేను కట్లు కట్టాను."

"తెలుసులే," అన్నాడు ఫ్రాంక్లిన్, మూత మీద నుంచి చెయ్యి తీసేస్తూ.

*

ముందు జాన్‌బాబుకి ఫోన్ చేయక తప్పలేదు. ఆయన హాల్లో స్టేజీకి పూలు కట్టిస్తున్నాడు. విషయం విని కడుతున్న దండ పక్కన పెట్టాడు.

"ఆ బండి నా దగ్గర ఏనాడూ వేడెక్కలేదు ఫ్రాంక్లినూ," అన్నాడు. "ఒమాన్‌లో సలాలా దాకా తోలాను. అంత దూరం పోయినా బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండేది."

"ఇప్పుడు పెడితే తోలు ఊడొస్తది బావగారూ."

"నువ్వు తోలే పద్ధతిలో ఉంది. ఇంతకీ ఐకాడ్‌లోకి ఎందుకెళ్ళావు? బనియాస్ నుంచి ముసఫ్ఫా రావడానికి ఐకాడ్‌తో పనేంటి?"

ఫ్రాంక్లిన్ దీనికి జవాబు చెప్పకుండా సిగ్నల్ సరిగా లేదన్నాడు. చెడిపోయిన బండ్లని ఎక్కించుకుపోయే రికవరీ లారీని పంపిస్తానని జాన్‌బాబు పెట్టేశాడు. లీదియా టాక్సీ కోసం ఫోన్లో వెతికింది. సెలవురోజు సాయంత్రం ఐకాడ్ లోపలికి రావడానికి ఏ డ్రైవరూ ఒప్పుకోవడం లేదు. దగ్గర్లో ఉన్నట్టు చూపించిన ఒకాయన కూడా అటు తిరిగి ఇటు తిరిగి మాయమైపోయాడు.

ఇంజన్ కాస్త చల్లబడ్డాక ఫ్రాంక్లిన్ పాత తువ్వాలు అడ్డుపెట్టి మూత తీశాడు. తాగడానికి తెచ్చుకున్న నీళ్ళన్నీ లోపల పోశాడు. తర్వాత డ్రైవర్ సీట్లో కూర్చుని, గొంతు సవరించుకుని తాళం తిప్పాడు.

ఏమీ జరగలేదు. లైట్లన్నీ వెలిగాయి. రేడియోలో మలయాళం పాట కూడా వచ్చింది. ఇంజన్ మాత్రం కిమ్మనలేదు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అంతే.

"బ్యాటరీ," అన్నాడు ఫ్రాంక్లిన్ దిగి.

"బ్యాటరీ అయితే పాటెలా వస్తోంది?" అంది లీదియా.

"పాటకి సరిపోయేంత ఉంది. బండికి సరిపోయేంత లేదు."

ఆ మాటనేటప్పుడు ఆయన మొహం లీదియా వైపు కాకుండా గోడౌన్ గేటు వైపు ఉంది. అది ఆమె గమనించింది గాని, చెమటకి కాబోలు అనుకుంది.

అప్పుడే పక్కనున్న లేబర్ క్యాంపు వైపు నుంచి ఒకాయన నడుచుకుంటూ వచ్చాడు. లుంగీ, కంపెనీ టీషర్టు, చేతిలో కూరగాయల సంచి, నెత్తి మీద పెద్ద నల్ల గొడుగు. పట్టుచీరలో గోడకి ఆనకుండా నిలబడ్డ ఫేబాని చూసి ఆగిపోయాడు.

"ఏమైంది బిడ్డా? పెండ్లిపిల్ల లెక్కున్నవు, గీడ నిలవడ్డవేంది?" అన్నాడు.

తెలుగు వినగానే ముగ్గురికీ ప్రాణం లేచొచ్చింది. ఆయన పేరు పోచన్న. జగిత్యాల దగ్గర పల్లె. ఐకాడ్‌లో స్టీలు ఫ్యాక్టరీలో క్రేన్‌కి బరువులు కట్టే పని. విషయం అంతా విని, గొడుగు ఫేబా చేతికిచ్చి, సంచి లీదియాకిచ్చి, బానెట్ కింద తల పెట్టాడు. చాలాసేపు పెట్టాడు.

"ఖలాస్," అన్నాడు తల తీసి. "ఇంజను పట్టేసింది."

"పట్టేయడం అంటే?" అన్నాడు ఫ్రాంక్లిన్ నీరసంగా.

"ఎండకు లోపటి ఇనుము ఉబ్బుతది. ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుంటది. మా ఊళ్ళె ట్రాక్టరుకు గిట్లనే అయ్యింది. నలుగురం కలిసి నూకితే ఇడిసింది."

"ఇది ఆటోమేటిక్ బండి అన్నా. తోస్తే స్టార్టవదు."

"స్టార్టు గాకుంటె మానె. ఇడుస్తదా లేదా సూద్దం."

ఆయన మాట తీసేయలేక తోశారు. ఫ్రాంక్లిన్ లోపల కూర్చుని స్టీరింగ్ పట్టుకున్నాడు. పోచన్న లుంగీ ఎగ్గట్టి వెనక నుంచి తోశాడు. లీదియా కూడా ఒక చెయ్యి వేసింది. బండి మెల్లగా పదడుగులు పోయి గోడ నీడలోకి చేరి ఆగింది. తాళం తిప్పితే ఏ చప్పుడూ లేదు.

"నీడకైతే వచ్చింది గదా," అన్నాడు పోచన్న చేతులు దులుపుకుంటూ.

ఈలోగా ఒక పఠాన్ పికప్‌లో పోతూ పోతూ ఆగాడు. ఫ్రాంక్లిన్ బ్యాటరీ అన్నాడు. ఆయన మారుమాట లేకుండా వైర్లు తీసి తన బ్యాటరీకి, దీని బ్యాటరీకి తగిలించాడు. తాళం తిప్పితే రేడియో పాట ఇంకాస్త గట్టిగా వచ్చింది, అంతే. "బ్యాటరీ నహీ. సెల్ఫ్ ఖరాబ్ హై," అని వైర్లు చుట్టుకుని వెళ్ళిపోయాడు. జాన్‌బాబు మళ్ళీ ఫోన్ చేశాడు. నీళ్ళు పోశాక తిరగలేదంటే ఇంజన్ లోపలికి నీళ్ళు పోయి ఉంటాయని, అలా అయితే ఇంజన్ మొత్తం దింపాలని, తన దగ్గరున్నప్పుడు దానికి అలాంటి అలవాటు లేదని చెప్పాడు. రికవరీ వాడు ఐదు నిమిషాల్లో వస్తాడన్నాడు. వాడికి ఫోన్ చేస్తే అప్పటిదాకా ఐదు నిమిషాలన్నవాడు, యల్లా, దారిలోనే ఉన్నా, ఇంకో పది నిమిషాలన్నాడు.

*

పోచన్న ఎక్కడి నుంచో ఒక ప్లాస్టిక్ క్రేటు తెచ్చి బోర్లించాడు. దాని మీద లీదియా కారులోంచి దుప్పటి తెచ్చి పరిస్తే ఫేబా కూర్చుంది. గొడుగు కింద లీదియా ఆమె మొహం మీద చెమట అద్దుతూ, "కంగారు పడకు తల్లీ. అక్కడ పాస్టర్ అయ్యగారు పాటలు పాడిస్తూ ఉంటారు. మనం వెళ్ళేదాకా మొదలుపెట్టరులే," అంది.

"కంగారేం లేదక్కా," అంది ఫేబా. "ఇక్కడ బానే ఉంది."

లీదియా చెయ్యి ఆగింది. ఐకాడ్‌లో, సెప్టెంబరు ఎండలో, గోడౌన్ గోడ పక్కన క్రేటు మీద పట్టుచీరతో కూర్చున్న పిల్ల ఇక్కడ బానే ఉందని ఎందుకంటుంది? లీదియాకి ఇలాంటివాళ్ళు తెలుసు. ఆపరేషన్ థియేటర్ బయట, డాక్టరుకి ఆలస్యం అవుతుందని చెబితే హమ్మయ్య అనుకునే పేషెంట్లు ఉంటారు.

"ఏమైంది, చెప్పు."

ఫేబా కాసేపు గొడుగు కాడ అటూ ఇటూ తిప్పింది. "అక్కా, జాన్‌బాబన్నయ్య మీకు ఈ కారు ఇచ్చేటప్పుడు ఏమన్నారు?"

"ఏమంటాడు, కళ్ళు మూసుకుని తీసుకోండి, నాదీ గ్యారంటీ అన్నాడు."

"ఈ సంబంధం గురించి కూడా అదే అన్నారు. ఒక్క అక్షరం తేడా లేదు."

లీదియాకి నవ్వొచ్చింది. నవ్వితే ఆ పిల్ల ఏడ్చేసేలా ఉంది కాబట్టి ఆపుకుంది.

"పెళ్ళికొడుకు చెడ్డవాడని కాదక్కా," అంది ఫేబా. "అసలు ఎలాంటివాడో తెలిస్తే కదా. అడిగినదానికల్లా అలాగేనండి అంటాడు. మా నాన్నకి ప్రతిదీ తెలుసు. చర్చిలో అందరికీ ప్రతిదీ తెలుసు. నాకేం కావాలో కూడా వాళ్ళకే తెలుసు. ఈయన కూడా అలాగే ఉంటే రేపట్నుంచి నేనింక నోరు విప్పక్కర్లేదు."

"మరి ఇప్పటిదాకా ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఎవరు వింటారక్కా? బిర్యానీ ఆర్డర్ ఇచ్చేశారు."

లీదియా ఏదో అనబోయేలోగా ఒక టాక్సీ వచ్చి వాళ్ళ ముందు ఆగింది. వెనక తలుపు తీసుకుని బూడిదరంగు సూటు, టై వేసుకున్న మనిషి దిగాడు. భుజం మీద ఆఫీసుల్లో ఉండే పెద్ద నీళ్ళ క్యాను, ఇంకో చేతిలో నూనె మరకల కాగితపు పొట్లం. ఆయనే పెళ్ళికొడుకు ప్రభుకిరణ్.

"వందనాలండీ," అన్నాడు అందరికీ, క్యానుతోనే తల వంచి. "నీళ్ళు అయిపోయాయని జాన్‌బాబుగారు చెప్పారు. హాల్లో ఉన్న క్యాను తెచ్చేశాను. ఇవి సమోసాలు."

క్యాను దించేసరికి కోటు భుజమంతా తడిసి నల్లబడింది. అందరూ ఆయన్ని, ఆయన వెనక ఉన్న ఖాళీ రోడ్డునీ చూశారు.

"టాక్సీ ఏది?" అంది లీదియా.

"పంపించేశాను."

పోచన్న తల గోక్కున్నాడు. ప్రభుకిరణ్ వెనక్కి తిరిగి రోడ్డు చూశాడు. మలుపు దగ్గర టాక్సీ వెనక లైట్లు ఎర్రగా వెలిగి ఆరిపోయాయి. అప్పుడు ఆయనకి అర్థమైంది.

"అవును కదా. ఆపి ఉంచాల్సింది," అన్నాడు.

ఆయన ఇంకేమీ కలపలేదు. సిగ్నల్ బాలేదని గాని, డ్రైవర్ ఉండనన్నాడని గాని అనలేదు. ఫేబా గొడుగు కొంచెం పైకెత్తి ఆయన వైపు చూసింది.

ఈ వార్త ఫోన్లో విన్న జాన్‌బాబు పెళ్ళికొడుకుని ఏమీ అనలేక ఫ్రాంక్లిన్‌ని అన్నాడు. ఫ్రాంక్లిన్ ఫోన్ పెట్టేసి, కొత్త మనిషి దొరికాడు కదా అని ప్రభుకిరణ్‌ని బానెట్ దగ్గరికి తీసుకెళ్ళాడు. బ్యాటరీ సంగతి, పోచన్న పట్టేసిందన్న సంగతి, పఠాన్ చెప్పింది, జాన్‌బాబు చెప్పింది, అన్నీ వినిపించాడు.

"మీరేమంటారు?"

ప్రభుకిరణ్ ఇంజన్ వైపు చాలా మర్యాదగా చూశాడు. "నాకు కార్ల గురించి ఏమీ తెలీదండీ," అన్నాడు.

"అది కాదు, చూస్తే ఏమనిపిస్తోంది?"

"చాలా వైర్లున్నాయనిపిస్తోంది."

"ఈ ఫ్యూజుల డబ్బా మూత మీద ఏదో రాసుంది, ఎండకి వెలిసిపోయింది. కళ్ళ డాక్టరు కదా మీరు, ఇదేమైనా చదవగలరా?"

ఆయన మూత తీసుకుని, దూరం పెట్టి, దగ్గర పెట్టి, వెలుతురుకి తిప్పి చూశాడు. అందరూ ఆశగా చూస్తున్నారు.

"లేదండీ. నాకూ కనబడట్లేదు. నేను డాక్టర్ని కూడా కాదు."

వెనక నుంచి చిన్న చప్పుడు వినిపించింది. ఫేబా నవ్వుతోంది. పొద్దున్నించీ కాపాడుకున్న మేకప్ చెంపల దగ్గర సన్నగా బీటలు తీస్తున్నా నవ్వుతోంది. ప్రభుకిరణ్‌కి ఎందుకు నవ్వుతోందో తెలియక, పొట్లం విప్పి సమోసా ఇచ్చాడు.

"తినొచ్చా? మీకు ఇప్పుడు తినకూడదని ఏమైనా ఉందా? నాకు ఈ పద్ధతులు తెలీవు," అన్నాడు.

"నాకూ తెలీవు," అంది ఫేబా సమోసా తీసుకుంటూ.

*

సమోసాలు తినేసరికి పొద్దు ఫ్యాక్టరీ గొట్టాల వెనక్కి దిగింది. హాల్లో పాటలు అయిపోయి రెండోసారి మొదటి పాట అందుకున్నారని కబురొచ్చింది. రికవరీ వాడు ఈసారి ఫోన్ ఎత్తలేదు. లీదియా లేచి కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది.

"ఏవండీ, ఇలా రండి. ఈ క్రేటు మీద కూర్చోండి," అంది మొగుడితో.

"ఎందుకు?"

"అందరూ వచ్చి మందులు చెప్పి పోతున్నారు గాని, రోగికి అసలేమైందో ఒక్కరూ అడగలేదు. కూర్చోండి."

ఫ్రాంక్లిన్ కూర్చున్నాడు.

"బండి దానంతట అది ఆగిపోయిందా, మీరు ఆపారా?"

"నేనే ఆపాను. సూది చూసి."

"ఆపేముందు ఇంజన్ ఎలా ఉంది? గరగర, టకటక ఏమైనా చప్పుళ్ళు?"

"లేవు. వేడిగా ఉంది గాని తిరగడం బాగానే తిరుగుతోంది."

"అయితే పట్టేయలేదు." ఆమె పోచన్న వైపు చూసింది. ఆయన ఒప్పుకోలేదు గాని, మర్యాదకి ఊరుకున్నాడు. "బాగా తిరుగుతున్నదాన్ని మీరు ఆపారు. చల్లారాక తాళం తిప్పితే తిరగట్లేదు. ఈ రెంటికీ మధ్యలో మమ్మల్ని గోడ దగ్గరికి పంపించారు. అప్పుడు మీరేం చేశారు?"

"ఏం చేస్తాను, చూస్తూ నిలబడ్డాను."

"కంటితో చూశారా, చేత్తో చూశారా?"

ఫ్రాంక్లిన్ రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు. ఎమర్జెన్సీలో లీదియా ఈ దాపరికాన్ని రోజూ చూస్తుంది. నేనేమీ వాడలేదమ్మా, దేవుడి మీద ఒట్టు అన్న పేషెంటు పక్క తిరిగితే జేబులోంచి నాటుమందు సీసా జారిపడుతుంది. ఆమె గొంతు తగ్గించి, పేషెంట్లతో మాట్లాడే మెత్తటి మాటతో అడిగింది.

"నేనేమీ అనను. ఏం ముట్టుకున్నారో చెప్పండి, చాలు."

"వాషింగ్ మెషిన్ సంగతి ఎత్తవు కదా?"

"ఎత్తను."

ఫ్రాంక్లిన్ చెప్పుల వైపు చూస్తూ చెప్పాడు. బండి వేడెక్కినా ఇంజన్‌ని చల్లబరిచే ఫ్యాన్ తిరగడం లేదని ఆయన అప్పుడే గమనించాడు. ఫ్యూజుల డబ్బాలో అగ్గిపెట్టెలో సగమంత నల్ల ముక్కలుంటాయి. వాటిని రిలేలంటారు. ఒక్కో ముక్క ఒక్కో పనికి కరెంటు అందిస్తుంది. ఫ్యాన్ రిలే పోతే, దాన్ని తీసి పక్కన అదే సైజులో ఉన్న ఇంకో రిలే పెట్టుకోవచ్చని ఒక వీడియోలో చూశాడు. మూత మీద రాత కనబడకపోయినా ఫ్యాన్‌ది ఏదో అంచనా వేసి, దాన్నీ పక్కదాన్నీ అటూ ఇటూ మార్చాడు.

"పక్కది దేనిది?" అంది లీదియా.

"అదే తెలీదు."

"మార్చిన తర్వాతే కదా, మొదటిసారి తాళం తిప్పడం?"

"ఊఁ."

"అంటే పోయిన ముక్కని మీరు స్టార్టర్‌కి పెట్టారు."

"అయి ఉండొచ్చని నాకూ ఒకసారి అనిపించింది," అన్నాడు ఫ్రాంక్లిన్. "తర్వాత బ్యాటరీ అయి ఉంటే బావుణ్ణనిపించింది."

పోచన్న సంచి కింద పెట్టాడు. "గా ముచ్చట ముందుగాల జెప్పద్దా అన్నా? నా నడుము గుంజవట్టె."

ఫ్రాంక్లిన్ వెళ్ళి రెండు ముక్కల్నీ ఎక్కడివక్కడ పెట్టాడు. తాళం తిప్పగానే ఇంజన్ ఏమీ జరగనట్టు లేచింది. పోచన్న రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. జాన్‌బాబుకి చెప్పడానికి ఫ్రాంక్లిన్ ఫోన్ తీస్తుంటే లీదియా ఆపింది.

"ఫ్యాన్ ఇప్పుడు కూడా తిరగదు కదా. హాలు చేరేలోపు మళ్ళీ ఉడుకుతుంది. మీరన్నది నిజమే, ఫ్యాన్ ముక్కే పోయింది. రోగం సరిగ్గానే కనిపెట్టారు. దానికి పెట్టడానికి మనకి అక్కర్లేని ముక్క ఇంకోటి కావాలి."

మెచ్చుకోలు వినడం ఫ్రాంక్లిన్‌కి కొత్త. ఆ ఊపులో ఆలోచన కూడా వచ్చింది. "హారన్," అన్నాడు. "హారన్ ముక్క కూడా ఇదే సైజు. హారన్ లేకపోయినా బండి పోతుంది."

హారన్‌ది ఏదో చెప్పే రాత లేదు. అందుకని ఇంజన్ ఆపి, ఒకరు హారన్ నొక్కుతూ ఉంటే, ఇంకొకరు ఒక్కో ముక్కా పీకి చూడాలని తేల్చారు. ఏది పీకితే చప్పుడు ఆగుతుందో అదే. డ్రైవర్ సీటు తలుపు దగ్గర నిలబడి ఉన్న ఫేబా, గొడుగు పోచన్నకిచ్చి, "నేను నొక్కుతాను," అంది. పట్టుచీర దగ్గరికి తీసుకుని లోపలికి వంగి రెండు చేతులూ హారన్ మీద పెట్టి నొక్కింది.

ఐకాడ్ ఖాళీ గోడల మధ్య ఆ మోత అటు కొట్టుకుని ఇటు వచ్చింది. గోడౌన్ కప్పు మీది పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. ఫ్రాంక్లిన్ ఒకటి పీకాడు. మోత ఆగలేదు. ప్రభుకిరణ్ ఆ ముక్కని అరచేతిలో పట్టుకుని, ఎక్కడిదో మర్చిపోకుండా, ఆ గూటి మీద వేలు పెట్టి నిలబడ్డాడు. ఇంకోటి పీకారు. మోత ఆగలేదు. క్యాంపు వైపు నుంచి ఇద్దరు ముగ్గురు లుంగీలతో బయటికొచ్చి చూశారు. ఫేబా చెయ్యి తీయలేదు. పొద్దున్నించీ లోపల పెట్టుకున్నదంతా ఆ హారన్ మీద తీర్చుకుంటున్నట్టు నొక్కుతూనే ఉంది.

మూడోది పీకగానే ఐకాడ్ నిశ్శబ్దమైపోయింది.

"దొరికింది," అన్నాడు ప్రభుకిరణ్.

ఫేబా అలాగే వంగి ఉండి, అద్దంలోంచి, ఎత్తిన బానెట్ కింది సందులో ఆయన్ని చూసింది. ఆయన చేతులు రెండూ నల్లగా జిడ్డు. టై చివర ఎప్పుడో ఇంజన్‌లో ముంచుకున్నాడు.

"మీరు ఎప్పుడూ ఇలాగే తెలీదంటారా?" అని అడిగింది.

"తెలియకపోతే అంటాను," అన్నాడు. తర్వాత కొంచెం భయంగా, "ఎందుకు, అనకూడదా?"

"ఫోన్లో అన్నిటికీ అలాగేనండి అనేవారుగా?"

"జాన్‌బాబుగారు అలా అనమన్నారు. మీకు ఎదురు చెప్తే నచ్చదన్నారు."

"నాకేం నచ్చుతుందో ఆయనకెలా తెలుసు?"

ప్రభుకిరణ్ ఆలోచించాడు. "అది కూడా నాకు తెలీదండీ. మీరే చెప్పాలి."

లీదియా అప్పటిదాకా వింటూ ఉన్నది కాస్తా మొహం తిప్పుకుని, పనేమీ లేకపోయినా నీళ్ళ క్యాను మూత సరిచేసింది.

*

హారన్ ముక్క ఫ్యాన్ గూట్లో పెట్టి బండి స్టార్ట్ చేశాక, ఏసీ వేయగానే ఫ్యాన్ గిర్రున తిరిగింది. క్యానులోని నీళ్ళు రేడియేటర్‌లో సరిపడా పోశారు. పోచన్న సంచి తీసుకుని వెళ్ళిపోబోతే లీదియా దారికి అడ్డం నిలబడింది.

"మీరూ రండన్నయ్యా. మా తరఫున పెద్దవాళ్ళెవరూ లేరు."

"లుంగీ మీద ఎట్లస్తనమ్మా?"

"నా కోటు చూడండి," అన్నాడు ప్రభుకిరణ్. పోచన్న చూశాడు. చూసి ఎక్కి కూర్చున్నాడు.

దారిలో ఒక సిమెంటు లారీ వాళ్ళ ముందు రోడ్డు మధ్యలో నత్తలా నడిచింది. ఫ్రాంక్లిన్ అలవాటు కొద్దీ హారన్ నొక్కి, రాక, అద్దం దించి చెయ్యి ఊపాడు. లారీ అబ్బాయి కూడా స్నేహంగా చెయ్యి ఊపాడు. అలా ఒకరికొకరు చేతులూపుకుంటూ ముసఫ్ఫా సిగ్నల్ దాకా వెళ్ళారు.

హాలు చేరేసరికి పాటల పుస్తకం అయిపోయి అయ్యగారు సాక్ష్యాలు చెప్పిస్తున్నారు. ఎవరో పక్కనుంచి పొడిగించమంటే జాన్‌బాబు తన జీవితంలో దేవుడు చేసిన మేళ్ళు మూడోసారి మొదలుపెట్టి ఉన్నాడు. పెళ్ళికూతురు రావడం చూసి సగంలో ఆపేశాడు. స్టేజీ మీద అయ్యగారు ఫేబా వైపు తిరిగి, "అమ్మా ఫేబా, ఈ సంబంధం నీకు ఇష్టపూర్వకంగా..." అనేలోపే ఆమె, "ఇష్టమేనండీ," అనేసింది. హాలంతా నవ్వింది. అయ్యగారు, "ప్రశ్న పూర్తిచేయనివ్వు తల్లీ," అని మళ్ళీ మొదటి నుంచి అడిగారు. ఈసారి ఆమె చివరిదాకా ఆగి, అదే మాట చెప్పింది. ఉంగరం తొడిగేటప్పుడు ప్రభుకిరణ్ వేళ్ళ జిడ్డు ఆమె వేలికీ అంటింది. ఫోటోగ్రాఫర్ తుడవమంటే ఇద్దరూ తుడిచారు గాని పోలేదు.

బిర్యానీల దగ్గర బండి కథ మూడు రకాలుగా నడిచింది. జాన్‌బాబు ఒక బల్ల దగ్గర, తను ఫోన్లో చెప్పినట్టు చేయడం వల్లే బండి లేచిందన్నాడు. ఫ్రాంక్లిన్ ఇంకో బల్ల దగ్గర రిలే అంటే ఏమిటో చెమ్చాలు పెట్టి చూపించాడు. వాషింగ్ మెషిన్ పాడైతే చెప్పండని కూడా అన్నాడు. లీదియా వినీ విననట్టు పెరుగుపచ్చడి వేసుకుంది. పోచన్న మాత్రం, అసలు పని తను నూకినప్పుడే అయిపోయిందని, ఇంజను లోపల అప్పుడే ఇడిసిందని, మిగతాదంతా పైపై పనేనని పక్కవాడికి చెబుతున్నాడు.

తర్వాత ఆయన ఊళ్ళో ఉన్న భార్య గౌరవ్వకి వీడియో కాల్ చేసి, ఫేబాని పిలిచి ఫోన్ చేతికిచ్చాడు. గౌరవ్వ మంచం మీద కూర్చుని ఉంది. పెళ్ళికూతుర్ని కిందనుంచి పైదాకా చూపించమంది. చీర బాగుందంది. పిలగాడు ఏం చేస్తాడని అడిగింది.

"కళ్ళు పరీక్ష చేస్తాడమ్మా," అంది ఫేబా.

"అట్లనా? నాకు సూదిల దారం ఎక్కుతలేదు బిడ్డా. పొద్దుగూకితె మసక మసక గొడ్తది. ఎందుకో జర అడుగు."

ఫేబా ఫోన్ ప్రభుకిరణ్ వైపు తిప్పింది. పోచన్న చెవులు రిక్కించాడు. జాన్‌బాబు పక్క బల్ల మీదనుంచి, "శుక్లం అయి ఉంటది," అన్నాడు. ప్రభుకిరణ్ ఫోన్ దగ్గరగా పెట్టుకుని, ఆవిడ కళ్ళ వైపు కాసేపు చూశాడు.

"ఇలా ఫోన్లో చూసి నేను చెప్పలేనమ్మా," అన్నాడు. "జగిత్యాలలో ఒకసారి చూపించుకోండి. మధ్యాహ్నం పూట ఎలా ఉంటుంది? దూరం వస్తువులు కనబడతాయా, దగ్గరవా?"

గౌరవ్వ వివరంగా చెప్పడం మొదలుపెట్టింది. ఎప్పటినుంచి, ఏ కంటికి ఎక్కువ, ఏ కంటికి తక్కువ, ఎవరేం పసరు పోశారు, అన్నీ చెప్పింది. ఆయన నిలబడే వింటున్నాడు. ఫేబా రెండు ప్లేట్లు తెచ్చి, ఒకటి ఆయన ముందు పెట్టి, ఫోన్ తను పట్టుకుని నిలబడింది.